కప్పు పడని ఆసుపత్రి

నా పెళ్ళి యుద్ధం రోజుల్లో జరిగింది. అత్తవారిది రాళ్ళపని ఇల్లు. మా మామ మేస్త్రి. రాతిగోడ పేర్చడంలో, దిగుడుబావులు కట్టడంలో గురజాల చుట్టుపక్కల ఊళ్ళలో ఆయనకు పేరుండేది. మా ఆయన కూడా తండ్రి దగ్గరే పని నేర్చుకున్నాడు. అత్త లేదు. నేను కాపురానికి రాకముందే కాన్పులో పోయింది. ఇంట్లో ఆడదిక్కు నేనొక్కదాన్నే.

మా పుట్టిల్లు శావల్యాపురం వైపు. పొగాకు, మిరప, జొన్న పండే చేలు మా వాళ్ళవి. అక్కడ రాయి దొరకడమే కష్టం. అత్తవారి ఊరు మాచర్ల రైలుదారికి పక్కన ఉండేది. అక్కడ నేల తవ్వితే నాపరాయే. ఇంటి కప్పు రాయి, గోడ రాయి, చేని గట్టు రాయి. ఇంత రాయి ఉన్నచోట రాళ్ళపనివాళ్ళకు పని కరువేమిటని మా నాన్న సంబంధం ఒప్పుకున్నాడు.

కాపురానికి వచ్చిన నెలలోనే సంగతి తెలిసింది. పని లేదు. సిమెంటు, ఇనుము మిలిటరీకి పోతున్నాయి. టౌనులో ఎవరన్నా ఇల్లు కట్టుకోవాలంటే పర్మిట్టు కావాలి. ఆ పర్మిట్టు వచ్చేది కాదు. మాది సున్నంతో, రాయితో చేసే పని కదా, సిమెంటు లేకపోతే మాకేమిటని మొదట అనుకున్నారట మావాళ్ళు. కాని ఇనుప దూలం దొరకనిదే షావుకారు ఇంటికి శంకుస్థాపన చెయ్యడు. షావుకారు కట్టకపోతే రాతిగనిలో గునపం లేవదు. గని ఆగితే బండ్లవాళ్ళకు బాడుగ లేదు, సున్నపు బట్టీకి నిప్పు లేదు. ఎక్కడో సముద్రాల అవతల యుద్ధం జరుగుతుంటే మా ఊళ్ళో బట్టీ చల్లారిపోయింది.

మా ఆయన రైలు పట్టాల కింద పోసే కంకర కొట్టడానికి వెళ్ళేవాడు. మామ ఊరూరా తిరిగి రోళ్ళకు, తిరగళ్ళకు గంట్లు పెట్టేవాడు. బావికి అడుగునుంచి పైదాకా వంకర లేకుండా రాయి పేర్చిన మనిషి, ఇంటింటి ముందు నిలబడి, "రోలుకు గంట్లు పెట్టాలా తల్లీ" అని అడుక్కునేవాడు. సాయంత్రానికి జొన్నలో, కందులో సంచిలో వేసుకుని వచ్చి నా ముందు పెట్టేవాడు. 

యుద్ధం అయిపోయిన మరుసటేడు మా ఊరి చివర తుమ్మచెట్లు కొట్టించి, నేలలో కొయ్యలు పాతి, తాళ్ళు కట్టారు. గుంటూరు వైపునుంచి వచ్చిన కుర్ర ఓవర్సీరు ఒకాయన సైకిలు మీద తిరుగుతూ ఆ పని చేయించాడు. యుద్ధంలో ఆపేసిన పనులన్నీ సర్కారు మళ్ళీ మొదలుపెడుతుందని, మా ఊరికి ఆసుపత్రి ఇచ్చారని చెప్పాడు. మగవాళ్ళకు ఒక గది, ఆడవాళ్ళకు దానికంటే పెద్ద గది, కాన్పులకు వేరే గది, డాక్టరు కూర్చోవడానికి ముందు వసారా.

అంతకుముందు మాకు రోగమొస్తే బండిలో వేసుకుని స్టేషనుకు, స్టేషనునుంచి రైల్లో నరసరావుపేటకు పోవాలి. రైలు ఎప్పుడొస్తే అప్పుడే.

కంట్రాక్టు నరసరావుపేట ఆయనకు దక్కింది. ఆయన మా మామను పిలిపించి పని అప్పజెప్పాడు. చాలా ఏళ్ళ తర్వాత మామ అటకమీంచి తాపీలు, తూకంగుండు, మట్టపుచెక్క దించి, కొబ్బరినూనె రాసి ఎండలో పెట్టాడు. ఆ పూట మా ఆయన నవ్వుతూ ఇంట్లోకొచ్చి, "ఏమే, ఇంక కంకరకి పోను. గోడ మీదికెక్కుతన్నా" అన్నాడు. పెళ్ళయ్యాక ఆయన అంత తేలిగ్గా మాట్లాడటం అదే మొదలు.

బట్టీ మళ్ళీ రాజుకుంది. రాతిగనిలో పొద్దున్నే సుత్తుల చప్పుడు మొదలయ్యేది. గుండ్రంగా తవ్విన కాలవలో ఎద్దు రాతిచక్రాన్ని తిప్పుతుంటే సున్నం, ఇసక, నీళ్ళు కలిసి వెన్నలా నలిగేవి. దాన్ని గానుగ సున్నం అనేవాళ్ళం. నేను, నాతోపాటు పదిమంది ఆడవాళ్ళం ఆ సున్నం తట్టలకెత్తి పరంజా మీదికి అందించేవాళ్ళం. సున్నం తగిలి వేళ్ళ సందులు పగిలేవి. ఇంటికి పోయి ఆముదం రాసుకునేవాళ్ళం. అయినా ఆ పనంటే మాకు ఇష్టంగా ఉండేది. షావుకారు ఇల్లు కడితే అది షావుకారిది. ఇది అట్లా కాదు.

ఆడవాళ్ళ గది గోడలు నడుమెత్తు లేచేసరికి మాలో ఒక పెద్దామె, సున్నం తట్ట దించి, కిటికీ కోసం వదిలిన సందు దగ్గర నిలబడి, "ఈడ మంచం నాది. గాలి బాగొచ్చిద్ది" అంది.

"నీకింకా కాన్పేంది పెద్దమ్మా" అన్నాను.

"కాన్పు కాకపోతే జొరం. ఏదో ఒకటి రాకపోద్దా."

అందరం నవ్వాం. ఆ రోజునుంచి ఎవరి మంచం ఎక్కడో పంచుకోవడం మాకో ఆటయింది. ఒకామె మూల నాదంది. ఒకామె గుమ్మం పక్కనైతే పిల్లలు కనపడతారంది. మామ పైనుంచి వింటూ ఏమీ అనేవాడు కాదు. మామూలుగా పనిలో మాటలాడితే ఆయనకు నచ్చదు.

ఒకనాడు అన్నం తినేటప్పుడు, ఎవరూ అడక్కుండానే, కాన్పుల గది వైపు చూస్తూ అన్నాడు: "మీ అత్తని బండిలో వేసుకుని టేసను కాడికి పోయేలకే రైలెల్లిపోయింది." అంతే. చెయ్యి కడుక్కుని మళ్ళీ పరంజా ఎక్కాడు. ఆ ఇంట్లో నేనున్నన్ని రోజుల్లో అత్త పోయిన సంగతి ఆయన నోట విన్నది ఆ ఒక్కసారే.

కిటికీలకు, గుమ్మాలకు పైబండలు పడ్డాయి. వాటిమీద ఇంకో నాలుగు వరసలు పేర్చి గోడలు ముగించారు. ఇక కప్పు. ఇళ్ళకు వేసే రాతికప్పు అంత వెడల్పు గదులకు ఆగదు, ఇనుప దూలాలు కావాలి. అవి పర్మిట్టు మీద రావాలి. యుద్ధం పోయినా కంట్రోలు పోలేదు. కంట్రాక్టరు గుంటూరు తిరిగాడు, మద్రాసు వెళ్ళొచ్చాడు. ఇదుగో వస్తున్నాయి, అదుగో వస్తున్నాయి అన్నారు. సంక్రాంతి దాటింది, శివరాత్రి దాటింది. ఎద్దు గానుగ దగ్గర ఊరికే నిలబడి నెమరేస్తూ ఉండేది.

ఉగాది దాటాక ఓవర్సీరు వచ్చాడు. సైకిలు గోడకానించి చాలాసేపు కప్పులేని గదుల్లో తిరిగాడు. తర్వాత మామ దగ్గరికొచ్చి, "డబ్బు వెనక్కి పోయింది మేస్త్రీ" అన్నాడు.

"ఎవురన్నా తిన్నారా అయ్యా?"

"ఎవరూ తినలేదు. ఈ ఏటికి ఇచ్చింది మార్చి ఆఖరు లోపల ఖర్చు కావాలి. కాకపోతే దానంతటదే పోతుంది. లాప్సయింది అంటారు."

 "ఇనుం రాకబట్టే గదా ఖర్చు కాంది. ఇనుం ఇయ్యాల్సింది సర్కారే గదా."

"ఇనుం ఇచ్చే ఆఫీసు వేరు. డబ్బిచ్చే ఆఫీసు వేరు. దీని సంగతి దానికి పట్టదు."

"మరిప్పుడెట్టా?"

"కొత్త బడ్జెట్టులో మళ్ళీ రాయాలి. నేను రాసి పంపిస్తా." ఆ అబ్బాయి ముఖం చూస్తే అబద్ధం చెప్పేవాడిలా లేడు. నిజంగానే రాసి పంపించాడనే ఇప్పటికీ అనుకుంటాను.

లాప్సు అనే మాట ఆ వేసవిలో మా ఊరికి బాగా అలవాటైంది. చేలో పైరు ఎండినా లాప్సయిందనేవాళ్ళు. సంబంధం తప్పిపోయినా అదే మాట.

తొలకరి పడేముందు మామ తాళ్ళవనానికి పోయి తాటాకు కొట్టుకొచ్చాడు. రాతిగోడ ఎంత గట్టిదైనా నెత్తిన కప్పు లేకపోతే నీళ్ళు లోపలికి దిగి సున్నాన్ని కరిగిస్తాయి. ఆసుపత్రి గోడల నెత్తిన పొడుగునా తాటాకు పరిచి, దానిమీద మట్టి మెత్తుతున్నాడు. నేను మట్టి అందిస్తున్నాను. మా ఆయన కంకర పనినుంచి వచ్చి అది చూశాడు. మళ్ళీ కంకరకే పోతున్నాడప్పటికి.

"సర్కారు గోడకి మనం తాటాకు కప్పేదేంది?" అన్నాడు కిందనుంచి.

"గోడ నాది" అన్నాడు మామ.

"నీదెట్టాగైద్ది? నీకిచ్చిన పని నువ్వు చేశావు. ఐపోయింది. మనింటి మీద కప్పే కురుస్తంటే ఈడ తాటాకు పరస్తన్నావు."

"పైకి రా. ఆ మూల పట్టుకో."

మా ఆయన ఎక్కలేదు. నా వైపు చూసి, "నువ్వన్నా చెప్పవేందే" అన్నాడు.  మట్టి తట్ట అందించాను. ఆయన తలపాగా విప్పి దులుపుకుంటూ వెళ్ళిపోయాడు. ఆ రాత్రి తండ్రీకొడుకులు మాట్లాడుకోలేదు. తర్వాత కూడా, అవసరమైతే తప్ప.

ఆ శ్రావణంలో స్వతంత్రం వచ్చింది. ఊళ్ళో అన్నిటికంటే పెద్ద కట్టడం అదేనని జెండా ఆసుపత్రి ముందే ఎగరేశారు. పిల్లలకు మిఠాయి పంచారు. టౌనునుంచి వచ్చిన పెద్దాయన ఒకరు మాట్లాడుతూ, ఇన్నాళ్ళూ తెల్లదొరల బడ్జెట్టు, ఇకమీదట మన బడ్జెట్టు, మొట్టమొదట కప్పు పడేది దీనికే అన్నాడు. అందరం చేతులు తట్టాం. మామ కూడా తట్టాడు. గోడల మీద తాటాకు అప్పటికే అక్కడక్కడ లేచిపోయి గాలికి కొట్టుకుంటోంది.

దసరా అయ్యాక మా ఆయన బళ్ళారి వైపు వెళ్ళిపోయాడు. అక్కడ ఏటికి పెద్ద ఆనకట్ట కడుతున్నారని, రాళ్ళపని తెలిసినవాళ్ళను గుంపులు గుంపులుగా తీసుకుంటున్నారని ముఠా మేస్త్రి ఒకడు వచ్చి చెప్పాడు. మా పేటలో వయసు మగవాళ్ళు చాలామంది అతని వెంట బయల్దేరారు. మామను కూడా రమ్మన్నారు.

"బడ్జెట్టు రానీ" అన్నాడు మామ. "కప్పేసి వస్తా."

మా ఆయన నన్ను తీసుకుపోతాననలేదు. అక్కడ గుడిసెలైనా వేసుకోలేదని, కుదురుకున్నాక వచ్చి తీసుకెళ్తానని అన్నాడు. స్టేషనుకు సాగనంపడానికి నేనొక్కదాన్నే పోయాను, మామ రాలేదు. రైలు కదులుతుంటే, "ఆయన్ని ఆ గోడల కాడికి పోనియ్యమాక" అన్నాడు. పెళ్ళాన్ని వదిలి పోతున్న మనిషి చెప్పాల్సిన మాట అదేనా అని నాకు బాధేసింది.

చలికాలంలో కృష్ణ అవతలినుంచి జనం రావడం మొదలైంది. నైజాంలో రజాకార్ల గొడవలు. ఇళ్ళు తగలబెడుతున్నారని, పడవల్లో, బుట్టల్లాంటి తోలు పుట్టుల్లో ఏరు దాటి, పిల్లల్ని చంకనేసుకుని వచ్చారు. మాచర్ల వైపునుంచి నడుచుకుంటూ మా ఊరికి కూడా కొన్ని కుటుంబాలు చేరాయి. ఎక్కడుంటారు? నాలుగు గోడలు లేచి ఖాళీగా ఉన్నది ఆసుపత్రే. గదికి రెండు మూడు ఇళ్ళవాళ్ళు సర్దుకున్నారు. వెదురు కర్రలు అడ్డం వేసి, తాటాకు, చొప్ప పరిచి, తలదాచుకునేందుకు నీడ చేసుకున్నారు. మామ దగ్గరుండి కర్రలు ఎక్కడ ఆనించాలో చూపించాడు. గోడలో రాయి కదలకుండా అన్నమాట.

వాళ్ళలో ఒకామె నిండు నెలలతో వచ్చింది. నావంటి వయసే ఉంటుంది. మగడు ఏటి అవతలే ఉండిపోయాడు. బతికున్నాడో లేదో తెలియదు. నొప్పులొచ్చిన రోజు మేమంతా పోయాం. కిటికీ దగ్గర మంచం నాదన్న పెద్దామే ఆమె తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. కాన్పుల గదిలోనే, నేలమీద చొప్ప పరిచి, పాత చీర అడ్డం కట్టి పురుడు పోశాం. ఆడపిల్ల. తల్లీ బిడ్డా క్షేమం. బయట వసారాలో మామ మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. నేను వచ్చి చెబితే, తల ఊపి, లేచి ఇంటికి పోయాడు. ఆ ఆసుపత్రిలో జరిగిన కాన్పు అదొక్కటే.

మళ్ళీ మార్చి వచ్చింది. నాకు చదువొచ్చు. మా నాన్న అయిదో తరగతి దాకా చదివించాడు. మామ కిరసనాయిలు కొట్టు సాయిబునడిగి పేపరు తెచ్చి నా ముందు పెట్టాడు.

"బడ్జెట్టంట. సదువు."

చదివాను. కోట్ల లెక్కలు. ధాన్యం కొనడానికి ఇంత, పోలీసులకు ఇంత. ధరలు పెరిగాయి గనక పొదుపు పాటించాలట. కొత్త కట్టడాలు చేపట్టరాదట. సగంలో ఉన్నవాటిలో అత్యవసరమైనవి తప్ప మిగతావి నిలిపివేయాలట.

"మనూరి పేరుందా?"

"లేదు మామా."

"ఇంకోపాలి సదువు."

మళ్ళీ చదివాను. ఈసారి మెల్లగా, ఏ మాటా వదలకుండా. ఆయన కళ్ళు మూసుకుని విన్నాడు.

"అత్తెవసరం అంటే ఏంది?" అని అడిగాడు.

"చానా తొందరగా కావాల్సింది."

"మనది కాదా?"

నేను పేపరు మడిచి ఇచ్చేశాను. ఆయన అది తీసుకెళ్ళి కొట్లో జాగ్రత్తగా అప్పజెప్పి వచ్చాడు.

కంట్రాక్టరు అంతకుముందే చేతులెత్తేశాడు. పాత రేట్లకు కప్పు వెయ్యాలంటే తన ఇల్లు అమ్ముకోవాలని, వచ్చి పరంజా కర్రలు బండ్లకెక్కించుకుని పోయాడు. సున్నపు బట్టీ ఆయన పొలం పనులకు పోయాడు. ఎద్దును నకరికల్లు సంతలో అమ్మేశారు. గానుగ కాలవలో వాననీళ్ళు నిలిచి నాచు పట్టింది.

ఎండలు ముదిరాక ఒకనాడు ఓవర్సీరు వచ్చాడు. చిక్కిపోయి ఉన్నాడు. ఈసారి సైకిలు దిగగానే గోడల వైపు పోలేదు, మా ఇంటికే వచ్చాడు. నేను నీళ్ళిచ్చాను. తాగి, చెంబు కింద పెట్టి, మామ వంక చూడకుండా చెప్పాడు.

"ఏటి గట్టున పోలీసులకు షెడ్లు కట్టాలి మేస్త్రీ. సరిహద్దు కాపలాకి. ఆర్డరొచ్చింది. సామానుకి వేరే డబ్బియ్యరు. దగ్గర్లో ఉన్న సర్కారు సామాను వాడుకోమన్నారు."

"ఏం సామాను?"

"రాయి. గుమ్మాలు. కిటికీ చట్రాలు."

మామకు అర్థమైంది. నాకు ఇంకాసేపటికి అర్థమైంది.

"ఊడదీస్తారా?"

"పై నుంచి ఆర్డరు."

"ఊడదీసి మళ్ళీ కడతారా ఇక్కడ?"

"కడతారనే రాశారు" అన్నాడు ఓవర్సీరు. చెంబు పక్కకు జరిపి, "నాకు తెలీదు మేస్త్రీ" అన్నాడు.

"ఎవురు ఊడదీసేది?"

"మీరు ఒప్పుకుంటే మీరే. రోజుకూలి ఇస్తారు. కాదంటే మాచర్లనుంచి మనుషుల్ని తెస్తాం."

ఆయన వెళ్ళిపోయాక మామ అరుగు మీద కూర్చుని ఉలికి పదును పెట్టుకోసాగాడు. మా ఆయన ఉంటే పోనియ్యడనుకున్నాను. నేను చెప్పి చూశాను. "ఆ పాపం మనకెందుకు మామా. వాళ్ళెవళ్ళనో తెచ్చుకోనీ."

"వాళ్ళైతే గునపాలేసి పగలగొడతారమ్మాయ్. రాయి రాయిగా రాదు. మనం తీస్తే యాడైనా మళ్ళీ గోడైద్ది" అన్నాడు. "ఇంకోటి, ఇంట్లో గింజల్లేవు."

రెండూ నిజమే. మరునాడే పనిలోకి దిగాం.

ముందు ఏరు దాటి వచ్చి అక్కడ ఉంటున్నవాళ్ళను ఖాళీ చేయించారు. ఊరవతల చింతతోపులో పాకలు వేసుకోమన్నారు. పిల్లను కన్నామె బిడ్డను భుజాన వేసుకుని, కుండలు నెత్తిన పెట్టుకుని, నా దగ్గర ఆగింది.

"అక్కా, గోడలెందుకు తీస్తున్రు?"

"మిమ్మల్ని కాయటానికి పోలీసులొస్తన్నారంట. వాళ్ళకి ఇళ్ళు కావాల."

ఆమె నా ముఖంలోకి చూసి, "మమ్ముల కాయనీకె మా నీడ తీస్తరా?" అంది. అది తిట్టు కాదు. అర్థంకాక అడిగింది.  బిడ్డ తలమీద కొంగు సర్ది పంపించాను.

కట్టేటప్పుడు ఎవరు తట్టలందించారో వాళ్ళమే ఇప్పుడు రాళ్ళు దింపాం. మామ పైవరసనుంచి మొదలుపెట్టాడు. ఉలి సందులో పెట్టి, చిన్న సుత్తితో, కోడిగుడ్డు మీద కొట్టినట్టు కొట్టేవాడు. కాని గానుగ సున్నం ఏడాది దాటితే రాయికంటే గట్టిపడుతుంది. తాటాకు కప్పి ఆయన కాపాడుకున్న సున్నం అది. రాయి కదలదు. ఇంకొంచెం గట్టిగా కొడితే రాయే రెండుగా చీలుతుంది. పగిలిన ప్రతి ముక్కనూ చేతిలోకి తీసుకుని, చూసి, పక్కన పెట్టేవాడు. మొదటి రోజు సాయంత్రానికి మంచి రాళ్ళకంటే పగిలినవే ఎక్కువ. ఓవర్సీరు వచ్చి, "ఫరవాలేదు మేస్త్రీ, పునాదిలో వేసుకుంటారు" అన్నాడు. రెండో రోజునుంచి మామ ముక్కలు చూడటం మానేశాడు. మాచర్లవాళ్ళు వస్తే ఎట్లా కొట్టేవాళ్ళో అట్లాగే కొట్టాడు.

 పెద్దామె కిటికీ చట్రం ఊడదీసే రోజు పనికి రాలేదు. జ్వరమన్నారు. నిజంగా జ్వరమే. వారం పడుకుంది. నరసరావుపేట తీసుకుపొమ్మని ఎవరో అంటే, వద్దని చెయ్యి ఊపింది. ఇంట్లోనే పోయింది.

బండ్లు ఏటివైపు వెళ్ళాయి. షెడ్లు కట్టడానికి మామను రమ్మంటే పోలేదు. వేరేవాళ్ళు కట్టారు. పోలీసులు వచ్చారు. వానాకాలం చివరలో నైజాం గొడవ సద్దుమణిగింది. చింతతోపులోవాళ్ళు ఏరు దాటి తిరిగి వెళ్ళిపోయారు. పిల్లను కన్నామె వెళ్ళేముందు వచ్చి నన్ను కావలించుకుంది. మగడి కబురు అప్పటికీ తెలియలేదు. కాపలా అవసరం తీరాక షెడ్లు ఖాళీ అయ్యాయి. ఆ రాయి తిరిగి మా ఊరికి వస్తుందేమోనని కొన్నాళ్ళు కొందరు అనుకున్నారు. ఊడదియ్యడానికి వచ్చిన ఆర్డరువంటిది తిరిగి తేవడానికి రాలేదు. ఆసుపత్రి చోటులో పునాదుల మధ్య పల్లేరుకాయ మొలిచింది.

మా ఆయన వచ్చింది ఆ కార్తీకంలో. నల్లబడి, బుగ్గలు లోపలికి పోయి, చలిజ్వరంతో వచ్చాడు. ఆనకట్ట దగ్గర దోమలట. స్టేషనునుంచి వస్తూ దారిలో ఆ చోటు చూశాడు. ఇంటికొచ్చి తండ్రిని ఏమీ అనలేదు. అంటాడని భయపడ్డాను. గడప దగ్గర కూర్చుని, "నీకిక్కడింకేం పని నాన్నా, పోదాం పా" అన్నాడంతే. మామ కాదనలేదు. ఏదో అడ్డు చెబుతాడని, ఏదో ఒక సాకు పెడతాడని చూశాను. లేచి, అటకమీంచి తాపీ, తూకంగుండు తీసి, గుడ్డలో చుట్టి, నా మూటలో పెట్టాడు.

బళ్ళారి వైపు ఆ ఆనకట్ట దగ్గర ఎంతమంది ఉన్నారో చెప్పలేను. కొండవాలు నిండా రేకుల పాకలు. తమిళంవాళ్ళు, కన్నడంవాళ్ళు, మా వైపునుంచి వచ్చిన రాళ్ళపనివాళ్ళు. మా మామ అక్కడ మేస్త్రి కాదు. ప్రతి పాకలోనూ ఎవరో ఒక ఊరి మేస్త్రి ఉన్నాడు. ముసలివాడని రాళ్ళు ముట్టనివ్వలేదు. నీళ్ళు మోసే పనిలో వేశారు. కావడి భుజానేసుకుని పాత్రలు నింపుకుంటూ తిరిగేవాడు. తాపీ మూటలోంచి తియ్యనేలేదు. గోడ దగ్గర ఎవరన్నా వంకరగా రాయి పెడితే ఆగి చూడటం ఆయనకు మొదట అలవాటుండేది. కొన్నాళ్ళకు అదీ పోయింది.

మా ఆయనకు జ్వరం వారానికోసారి తిరగబెట్టేది. క్యాంపులో ఆసుపత్రి ఉంది. రేకుల కప్పే, కాని కప్పుంది. చేదుమందు ఇచ్చేవారు. మందు తాగిన రోజు పనికి పోగలిగేవాడు కాదు.

అక్కడ ఏడాది గడిచింది. ఒక పొద్దున పాకల మధ్య కబురు పాకింది. ఖర్చులు తగ్గించమని పై నుంచి రాశారట, మా పక్క కాలవ పని ఈ ఏటికి ఆపుతారట, కొన్ని ముఠాల్ని పంపించేస్తారట. ఎవరిని పంపుతారో తెలియదు. మగవాళ్ళు గుంపులుగా నిలబడి మాట్లాడుకుంటున్నారు. మా ఆయన కూడా వాళ్ళలో ఉన్నాడు. నేను పొయ్యి దగ్గరనుంచి తల తిప్పి చూసేసరికి, మామ పాకలో మూలనున్న కుండల్ని బోర్లించి, ఒకదాన్లో ఒకటి పెట్టి, తాడు కడుతున్నాడు. దుప్పట్లు మడిచి పక్కన పెట్టాడు.

"ఇంకా ఎవురూ చెప్పలేదు గదా మామా" అన్నాను.

"చెప్పేదాకా ఎందుకమ్మాయ్" అన్నాడు, ముడి బిగిస్తూ. "ఆ పొయ్యి మీదిది దిగినాక చెప్పు. ఆ గిన్నె కూడా ఇందులో పట్టిద్ది."